చవక రైఫిలూ, పదకొండో చిల్లూ

నేను, నోలా ట్రెంబాత్, వయస్సు డెబ్బై ఎనిమిది, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, రివరీనా గోధుమ సీమలోని టెరిక్ క్రీక్ కాపురస్థురాలిని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. చెవులు మందగించాయి. బుద్ధి మందగించలేదని డాక్టరు కాగితమిచ్చాడు, జత చేశాను. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు.

1. నా చెల్లెలు వాల్డా కూతురు రోనాను ఈ వీలునామా అమలు చేసే కార్యనిర్వాహకురాలిగా నియమిస్తున్నాను. ఇల్లూ కారూ ఆమెకే. నేనూ వాల్డా ముప్పై ఏడేళ్ళుగా మాట్లాడుకోకపోయినా, ఈ పిల్ల మాత్రం ప్రతి ఆదివారం వచ్చి నా క్యాబేజీ మడి తవ్వి పోతుంది.

2. ఖరీదైన నా పోటీ రైఫిలు, తోలు జాకెట్టు ఊరి షూటింగ్ క్లబ్బుకి. పాతికేళ్ళు ఆ రైఫిలుతో ఊపిరి బిగబట్టి, మార్కులు లెక్కపెట్టుకుంటూ కాల్చాను. ఒక్కసారైనా నవ్విన గుర్తు లేదు.

3. నా చవక రైఫిలు, అదే చిన్న తూటాల పాయింట్ టూ టూ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, లాయరు ఓర్చుకోవాలి. మూడేళ్ళ క్రితం కుందేళ్ళు క్యాబేజీ మీద పడితే, దుకాణంలో ఓ మూలనున్న దీన్ని నూట ఎనభై డాలర్లకు కొన్నాను. చెక్క పగిలితే ఎవరో టేపు చుట్టారు. “ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ళదమ్మా, మీకెందుకు?” అన్నాడు దుకాణదారు. పంతానికి కొన్నాను.

కుందేలు తప్పించుకుంది. మిగిలిన తూటాలతో ఏం చెయ్యాలో తోచక, మట్టికట్ట ముందు టమాటా డబ్బాలు పేర్చి ముప్పై అంగల నుంచి కాల్చాను. భుజానికి దెబ్బ లేదు, చెవికి హోరు లేదు. టిక్కుమంటుంది, డబ్బా ఎగిరి పడుతుంది. తూటాల పెట్టె ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయి, ఒంటరిగా నవ్వుకుంటున్నాను. ఇంత మంచి వస్తువు నేనింకోటి కొనలేదు. ఒక్కనాడూ మొరాయించలేదు. తగిలితే డబ్బా పడుతుంది, లేకపోతే నిలబడుతుంది. డబ్బా ముందు బొంకడం కుదరదు.

4. మనుషుల ముందు బొంకాను. 1987 జిల్లా పోటీలో నేనూ వాల్డా పక్కపక్కన పడుకుని చెరి పది తూటాలు కాల్చాం. నా గురి కార్డు మీద తొమ్మిది చిల్లులు, తన కార్డు మీద పదకొండు. నా తూటా ఒకటి తన కార్డు మీదికి పోయింది. ఈ ఆటలో ఎవరికైనా జరిగే పొరపాటే, లేచి ఒప్పుకుంటే అయిపోయేది. నేను మాత్రం, “నా తూటాలు రెండు ఒకే చిల్లులోంచి పోయాయి” అన్నాను. నమ్మి చప్పట్లు కొట్టారు. వాల్డా ఒకటి ఎక్కువ కాల్చిందని మార్కులు కోసి, షీల్డు నాకిచ్చారు. “అక్కా, నేను పదే కాల్చాను” అంది. నేను జాకెట్టు గుండీలు విప్పుకుంటూ తలెత్తలేదు.

ఈ పేజీ నకలుతో ఆ షీల్డు క్లబ్బుకి తిరిగి పోవాలి. చవక రైఫిలు వాల్డాకు. నక్కల్ని కాల్చడానికి తను తుపాకీ లైసెన్సు ఉంచుకుంది, చట్టానికి అడ్డు లేదు.

5. సవరణ. పైన వాల్డాకు రైఫిలిచ్చిన రెండు వాక్యాలూ కొట్టేసి పొడి సంతకం పెట్టాను. కారణం ఇది. చిత్తుప్రతి చదివిన రోనా, “పెద్దమ్మా, నువ్వు పోయాక ఇది చదివితే మా అమ్మ ఎవర్ని తిట్టుకోవాలి? బతికుండగానే తిట్టనీ” అని శనివారం వాల్డాను తీసుకొచ్చింది.

వాల్డా నిలబడే అంతా చదివింది, నాలుగో అంశం రెండుసార్లు. “ఇన్నేళ్ళూ నేనే లెక్క తప్పానేమో అనుకున్నాను” అంది. తనకు షీల్డు పోయిందనే బాధ ఒక్కటే అనుకున్నాను. నా చెల్లెల్ని తన మీద తనకే నమ్మకం లేకుండా చేశానని అప్పుడు తెలిసింది. ఏడ్చాను. తను ఓదార్చలేదు. “ఆ డబ్బాలేవీ?” అంది. పెట్టె ఖాళీ అయ్యేదాకా కాల్చాం. తను ఎనిమిది డబ్బాలు పడగొట్టింది, నేను ఐదు.

సాక్షి సంతకం పెట్టినవారికి వీలునామాలో ఏదీ దక్కదని లాయరు హెచ్చరించాడు. “అయితే రైఫిలు రోనాకి రాయి, లైసెన్సు తనే తెచ్చుకుంటుంది. నువ్వు రాసింది నిజమని సంతకం పెట్టేది నేనే” అంది వాల్డా. అలాగే రాశాను.

తేదీ: 14 సెప్టెంబరు 2024

(సంతకం) నోలా ట్రెంబాత్

సాక్షులు, ఇద్దరూ నా ఎదుటే సంతకం చేసినవారు:
గ్రెవిల్ ఓడ్స్, పోస్టుమాస్టరు
వాల్డా కిన్సెల్లా, చెల్లెలు