రొట్టె అడిగిన పిల్ల

బేతంచెర్ల,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన ప్రసన్నకు అమ్మ దీవెనలు.

ఫోనులో మాట్లాడితే మీ అత్తకు వినబడుతుందని నువ్వు ఉత్తరం రాసి పాస్టరు ప్రేమయ్యగారి చేతికిచ్చావు. నాకూ అదే ఇబ్బంది. మీ వదిన ఆరాధన పక్క గదిలో పడుకుని ఉంది. అందుకే ఇన్నేళ్లకు కలం పట్టాను. మీ నాయన, అన్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి పోయి వస్తున్నారు. అందరం క్షేమమని మాత్రం రాయలేను.

ముందు నీ మాటకు జవాబు. కడుపుతో ఉన్న నీకు ఆరో నెలలో షుగర్ బయటపడినప్పటి నుంచి మీ అత్త అన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూర పెడుతోందనీ, రెండు పూటలా నడిపిస్తోందనీ, మైదుకూరు వచ్చి ఆమెను గట్టిగా అడగమనీ రాశావు. వస్తాను తల్లీ. అడగడానికి కాదు, ఆమె చేతులు పట్టుకోవడానికి.

ఆరాధనకూ ఆరో నెలలోనే బయటపడింది. ఆసుపత్రి నర్సమ్మ ఇవే చెప్పి పంపింది. నాలుగు రోజులు రొట్టెలు చేశాను. ఐదో రోజు ఎదురింటి మల్లక్క వాకిట్లో నిలబడి, "ఏం కృపమ్మా, కడుపుతో ఉండే కోడలికి రొట్టె పెడ్తాండావే! మీ ఇంట్లో బియ్యానికి కరువొచ్చెనా?" అని నవ్వింది. ఆమె మరునాటికే మరచిపోయి ఉంటుంది. నేను మరవలేదు. నా చిన్నతనంలో మా ఇంట వరి అన్నం పండగనాడే. కోడలికి రొట్టె పెట్టే అత్తననిపించుకోలేక, మగవాళ్లు పనికి పోయాక వేడన్నం, నెయ్యి, బెల్లం పాయసం పెట్టడం మొదలుపెట్టాను. నడవనిస్తే పని చేయిస్తున్నానంటారని గడప దాటనివ్వలేదు.

"అత్తా, నాకు రొట్టె చాలు. నర్సమ్మ చెప్పింది గదా," అనేది మెల్లగా.

"నేను ప్రార్థన చేస్తాండా గదమ్మా. తిను, రెండు ప్రాణాలుండాయి," అనేదాన్ని.

కడుపు చూసి అందరూ బిడ్డ బొద్దుగా ఉంటాడన్నారు. తొమ్మిదో నెలలో కదలిక ఆగింది. నాలుగు కిలోల పైనే ఉన్నాడు. అచ్చం మీ నాయన నుదురు. ఏడుపు మాత్రం లేదు.

దేవుని చిత్తమని నీకు ఫోనులో చెప్పాను. అసలు మాట చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ ఆరాధనను, "నోరు కట్టుకోలేకపోతివా పాపా? రొట్టెలే తింటాండాదని మీ అత్త వచ్చినప్పుడంతా చెప్పె గదా!" అంది. నిజమే, సిగ్గుపడి ప్రతి పరీక్షకూ నేనే అలా చెప్పాను. మీ అన్న పక్కనే ఉన్నాడు. ఆ పిల్ల నా ముఖం చూసింది. నేను తల దించుకున్నాను. ఆ నింద తనే మోసింది. చాటుగా తిని బిడ్డను పోగొట్టిందనుకుని మీ అన్న మూడు నెలలుగా ఆమెతో మాట్లాడడం లేదు. చర్చికి రావడమూ మానేసి ఆదివారాలూ పనికే పోతున్నాడు.

ఈ ఉదయం చర్చిలో నెలనెలా జరిగే ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి పంచారు. తప్పు దాచుకుని తినలేక, పోయిన రెండు నెలల్లాగే పళ్లెం పక్కకు జరిపాను. ఆరాధన తన ముక్కను తుంచి, సగం నా అరచేతిలో పెట్టింది. నా వైపు చూడలేదు.

నువ్వు మీ అత్త పెట్టింది తిను. నడువు. పరీక్షలు మానొద్దు, మందు రాస్తే వేసుకో.

ఈ కాగితాలు దాచుకో, ఎవరికీ చూపించకు, మీ అన్నకు అసలే వద్దు. అది వాడు చదివి తెలుసుకోవలసింది కాదు, నా నోటితో వినవలసింది. సాయంత్రం పని నుంచి రాగానే, ఆరాధనను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాను. అంతవరకూ ఆ రొట్టె ముక్క నా కొంగు ముడిలోనే ఉంటుంది.

ఇట్లు,
నీ కన్నతల్లి
కృపమణి