అశ్విని పిట్టకు ఈకలు రాలుతున్నాయి

సూర్యాపేట

చెల్లె శోభకు,

పిట్ట తప్ప మేమంతా కులాసా. ఫోన్ చేస్తే మీ పాప అశ్విని వింటుందని కార్డు రాస్తున్నాను. ఇంగ్లిష్ మీడియం పుణ్యమా అని పాపకు తెలుగు చదవరాదు కదా! మీరు మిర్యాలగూడకు ఇల్లు మారుతూ నా దగ్గర వదిలిన లవ్‌బర్డ్ పిల్లకు మెడ మీద ఈకలు రాలుతున్నాయి. "దిష్టి తాకిందిరా, నీకేం తెల్వదు" అంటూ అమ్మ పసుపు నూనె పూసింది. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చి నా ఇంట్లోనే ఓడిపోయాను! "గీ వయసుల ఈకలు రాలి కొత్తయి వస్తయి సార్, గని నూనెతోని సలి పడితే బతకది" అన్నాడు పశువుల డాక్టర్. కడిగి ఆరబెట్టినా వణుకుతూనే ఉంది.

మీరు కొర్రలు పెట్టేవారా, సామలా? పాప వినకుండా బావ ఫోన్ నుంచి చెప్పు. ఆదివారం పాపను తీసుకురాకు. బావకు నమస్తే.

అబద్ధమాడమని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పిట్ట బాగుందని పాపకు చెప్పు.

మీ అన్న