మాట చివరిదాకా

అన్నయ్యకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఈ చీటీ మీ బావకిచ్చి పంపి నేను లాండ్రీకి పోతున్నాను. చదవగానే నువ్వూ అక్కడికే రా. ఎదురుపడితే చెప్పే ధైర్యం నాకుండదు, అందుకే రాస్తున్నాను.

నాకు డిస్లెక్సియా అని ఇంట్లో నీకొక్కడికే తెలుసు. మాట మొదలు చూసి మిగతాది ఊహించేస్తాను. ఆ అలవాటు మాన్పించడానికే టీచరమ్మ నన్నొక్కదాన్నే కూర్చోబెట్టుకుని, గీత మీద అట్టముక్క జరుపుతూ అక్షరం అక్షరం చదివిస్తుంది. పనిలో కనబడేవే తెమ్మంటుందని, ఇవాళ సెలవు పెట్టి వెళ్ళి లాండ్రీలో బట్టలు తెల్లబరిచే మందు కొత్త డ్రమ్ము లేబుల్ ఫొటో చూపించాను. పోయినవారం లాండ్రీలో వదిన "దీని మీద ఏం రాసుంది?" అని నన్నే అడిగింది. "పాత మందులో కలపమని" అన్నాను. అట్టముక్క చివరికి జరిగాక చూస్తే అది 'కలపవలెను' కాదన్నయ్యా, 'కలపరాదు'.

వదినకు దగ్గు మొదలైంది ఆ రోజే.

పొద్దున నువ్వు పెట్టిన మెసేజ్ కూడా అట్టముక్క పెట్టే చదివాను. 'కొంచెం తగ్గింది, పనికి వెళ్ళింది.' ఎక్కడైనా 'లేదు' అని ఉందేమోనని, మాటలు అయిపోయాక ఖాళీ మీద కూడా జరిపి చూశాను.

చెల్లి