రేచల్ ఆంటీ గుండిగ

పినాంగ్, 1949
గురువారం రాత్రి

ఈరోజు రేచల్ ఆంటీకి నిజం చెప్పేశాను. జపాన్ వాళ్లు వచ్చినప్పుడు బొంబాయి పారిపోతూ ఆవిడ మా ఇంట్లో దాచిన రాగి గుండిగలో, అక్క పెళ్లికి రొయ్యల కూర వండామని. యూదులు రొయ్యలు ముట్టరు. వారం కిందటే తిరిగొచ్చిన ఆవిడ, రేపు సాయంత్రం, ఏడేళ్ల తర్వాత మళ్లీ, వాళ్ల విశ్రాంతి దినమైన సబ్బాతుకు దీపాలు వెలిగించి అందులోనే వండుతానంది.

"సెప్పకే, ఆయమ్మ మనసు ఇరిగిపోతాది. సింతపండేసి తోమినాను గదా," అంది అమ్మ పొద్దున్నే. నాకు ఆ మెరుపే అబద్ధంలా కనిపించింది.

ఆంటీ అంతా విన్నది. తర్వాత గౌను చేతులు పైకి మడిచి, తనకొచ్చిన మలయ్‌లో, ఇక్కడి వాళ్లలా చివర 'లా' తగిలించి, "నీళ్లు పెట్టు లా," అంది. గుండిగ నిండా నీళ్లు మరిగించి, ఎర్రగా కాల్చిన రాళ్లు వేస్తే నీళ్లు పొంగి అంచంతా తడవాలట. అప్పుడే శుద్ధి. రేవులో, కమ్యూనిస్టుల కోసం పెట్టిన ఎమర్జెన్సీ సోదాలో పోలీసులు పెట్టె బోర్లించినా చలించని మనిషి, రాయి వేసే ముందు గుండిగ అంచంతా ఒకసారి తడిమి చూసుకుంది.

అమ్మ నాతో మాట్లాడకుండా, మొహం తిప్పుకుని గుమ్మంలోనే నిలబడింది. నీళ్లు ఒక పక్కే పొంగేసరికి మాత్రం ఊరుకోలేక నా వైపు తిరిగింది.

"ఆ పక్క అంచు తడవనేదు. ఇంకో రాయెయ్యే!"