అణువుల లెక్కే కదా

ఆదివారం రాత్రి, మైపాడు

చర్చి నుంచి రాగానే మా ల్యాబ్ సీనియర్ ప్రభాకరన్న రీసెర్చ్ పేపరు ఫోన్‌లో కనబడింది. అయస్కాంతాల మీద మేమిద్దరం రెండేళ్లు కంప్యూటర్లో చేసిన సిమ్యులేషన్. అణువుల స్థాయిలో నేను తీసిన విలువలతోనే ఆయన పెద్ద మోడల్ నడిచింది. పేపర్లో నా పేరు లేదు.

ఫోన్ చేశాను.

"నువ్వు చేసినది అణువుల లెక్కే కదమ్మా, మోడల్ నాది" అన్నాడు.

చేపలు కడుగుతున్న అమ్మ, "ప్రభాకరేనా? అన్నం తిన్నాడంటనా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నేనిచ్చిన ఆ విలువలు వేడి అన్నదే లేనప్పటివి. వేడి పెరిగేకొద్దీ అయస్కాంతం బలం తగ్గుతుంది. మామూలు వేడికి సరిపోయేలా తగ్గించకుండా ఇచ్చాను, పొరపాటు నాదే. పోయిన నెల నా లెక్కలో సరిదిద్దాను. అప్పటికే ఆయన పేపరు జర్నల్‌కి పంపేశాడని నాకేం తెలుసు?

అందులో తప్పుందని ఆయనకి చెప్పాలా... ఎందుకు చెప్పాలి?

ఆ పేపర్లో నాదని చూపించగలిగేది ఆ తప్పొక్కటే. దాని మీదా ఆయన పేరే ఉంది.