పక్క కొక్కెం మీది మగ్గు

యార్క్‌షైర్ తీరం, ఆదివారం

మ్యూరియల్ అక్కా, వాన తప్ప మాకేం కష్టం లేదు.

మోకాలికి మంచిదని నీ మరిది క్లిఫర్డ్ నన్ను సముద్రపు గట్టున ఆరు మైళ్లు నడిపించాడు. పబ్బు కనబడ్డ చోటల్లా ఆగి అక్కడి పీపా బీరు తాగాల్సిందే. ఏటా డెస్మండ్ బావతో స్కాట్లాండుకి చేపల వేటకి తప్ప ఎటూ కదలని మనిషికి ఇక్కడి మలుపులన్నీ తెలుసు. మూడో పబ్బులో యజమానురాలు అడక్కుండానే కొక్కేనికున్న తగరపు మగ్గు తీసి, "ఏం క్లిఫ్, ఈసారి ఇంత ఆలస్యమా?" అంటూ నింపింది. ఎప్పుడూ వచ్చేవాళ్ల మగ్గులే అక్కడ వేలాడదీస్తారు. "ఎవర్ని చూసి ఎవరనుకుందో" అని గొణిగాడు గానీ, మగ్గు వదల్లేదు.

మా పిల్లి సరిగ్గా తింటోందా? కిటికీలో మొక్కలకి నీళ్లు పొయ్యి. పిల్లలు చల్లగా ఉండాలి.

బావని అడిగానని చెప్పు. ఆయన పేరు చెక్కిన మగ్గు పక్క కొక్కేనికే ఉందని కూడా చెప్పు.

నీ డోరీన్