మోకాలు చూపించిన సంగతి

డాక్టరమ్మ గారికి కమలాపురం ముసలాయన నమస్కారాలు.

పోయిన వారం కర్నూలులో నేను నొప్పి అంటే, లోపల రక్తనరాలు చిక్కుపడి ఉంటాయేమోనని మీరు నా మోకాలికి స్కాను తీయించినారు. ఏమీ కనబడలేదు.

ఈ మాట చెప్పగానే మా ఆమె వెంకటలక్ష్మమ్మ ఓబుళేశును పిలిపించింది. అతడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలాల్లో బోరు పాయింటు చూపించే మనిషి. నన్ను మంచం మీద పడుకోబెట్టి, నా మీదుగా టెంకాయ తిప్పినాడు. బొడ్డు దగ్గరికి రాగానే అది నిలువునా లేచింది.

"మామా, ఈడ రెండించీల నీళ్లుండాయి," అన్నాడు.

"నీళ్లెందుకప్పా, నెత్తురు యాడ చిక్కుపడిందో చూడు," అంది మా ఆమె.

"ఏదైనా పారేదే గదత్తా," అని బొడ్డు పక్కన సున్నంతో గుర్తు పెట్టి పోయినాడు. అది చెరిగిపోతుందని మా ఆమె నన్ను స్నానం కూడా చేయనివ్వడం లేదు. గురువారం మళ్లీ మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరు ఆ గుర్తు చూసి అక్కడే సూది వేస్తారేమోనని నాకు శానా భయంగా ఉంది.

ఒకటే సందేహం. నరాలన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి గదా, మోకాలి దగ్గర మిషను పెట్టి కొంచెం పైకి చూస్తే వెనక పక్కది కనబడుతుందా? కనబడదంటే నిజం చెప్పక తప్పదు. నొప్పి మోకాలిలో లేదు, బొడ్డు దగ్గరా లేదు. మీ పక్కన నర్సమ్మలు నిలబడి ఉంటే సిగ్గుపడి మోకాలు చూపించినాను.

ఆ రోజు మీరు కుర్చీ చూపించి కూర్చోమన్నా నేను నిలబడే ఉన్నది మర్యాద కోసం కాదమ్మా.